అంగవైకల్య పెన్షను: నిర్ణయము కొరకు కనిపెట్టు కాలము



ఈ పాఠము మన సంఘ కుటుంబములలోని మాజీ సైనికులను గూర్చినది. చూలై, వేపేరి, పెరియమేడు, పురసవాక్కము ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారిలో సైన్యములో పనిచేసి వచ్చినవారు ఉన్నారు. యౌవనములో తగిలిన దెబ్బ అరువది ఏండ్లకు ముదురును. మోకాలు వంగదు, వెన్ను నిలువదు, చెవి వినబడదు. అప్పుడు వారు అంగవైకల్య శాతమును పెంచుమని దరఖాస్తు పెట్టుదురు. తరువాత నెలలు గడచును, ఏండ్లు గడచును, జవాబు రాదు. ఇంటివారు విసుగుదురు, దరఖాస్తు పెట్టినవారు నిరాశపడుదురు. ఈ కాలములో ఏమి జరుగుచున్నదో, మనము ఏమి చేయవలెనో తెలిసికొందము.

1. శాతము అనగా నేమి?

సైనికుడు సర్వీసు విడుచునప్పుడు వైద్య బోర్డు అతనిని పరీక్షించును. బోర్డు రెండు సంగతులు చెప్పును. మొదటిది, ఈ వ్యాధి లేక గాయము సర్వీసు వలన కలిగినదా, లేక సర్వీసు వలన ముదిరినదా అనునది. రెండవది, అది ఎంత శాతము అనునది. సాధారణముగా 20 శాతము గాని అంతకు మించి గాని ఉన్నప్పుడే అంగవైకల్య భాగము లభించును.

మొదటి సంగతిని గూర్చి సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో ముఖ్యమైన తీర్పు ఇచ్చెను. సైన్యములో చేరినప్పుడు వ్రాయబడని వ్యాధి తరువాత బయటపడినయెడల, అది సర్వీసు వలన కలిగినదని భావింపవలెను. కాదని చెప్పువారే కారణము చూపవలెను. గనుక మీ దరఖాస్తు ఏ సంగతిని గూర్చినదో ముందు తెలిసికొనవలెను. సర్వీసుతో సంబంధము లేదని త్రోసివేసినయెడల ఆరు నెలలలోగా మొదటి అప్పీలు చేయవలెను. సంబంధము ఒప్పుకొని శాతము తక్కువ వేసినయెడల, లేక వ్యాధి తరువాత ముదిరినయెడల, మార్గము వేరు.

2. శాతము పెంచుమని అడుగుట

పూర్వము కొన్ని ఏండ్లకొకసారి బోర్డు ఎదుట మరల నిలువవలసి యుండెను. 2001లో రక్షణ మంత్రిత్వ శాఖ ఆ పద్ధతిని తీసివేసెను. శాశ్వతమైన వైకల్యమునకు వేసిన శాతము జీవితాంతము నిలుచును. అయితే సైనికుడు తానే కోరినయెడల రివ్యూ వైద్య బోర్డు మరల పరీక్షించును. ఆ బోర్డు వేసిన శాతమే తుది శాతము.

ఇక్కడ ఒక హెచ్చరిక. రివ్యూ బోర్డు శాతమును పెంచవచ్చును, ఉన్నదే ఉంచవచ్చును, తగ్గించవచ్చును కూడ. వైద్యుని కాగితములు లేకుండ, పొరుగువానికి వచ్చినదని దరఖాస్తు పెట్టుట మంచిది కాదు. రెండు మూడు వ్యాధులున్నవారు వాటి శాతములను కూడి చూచుకొనరాదు. బోర్డు అన్నిటిని కలిపి, మనిషి ఎంత పనిచేయగలడో చూచి, ఒకే శాతము వేయును.

3. ఒక చిన్న లెక్క

నల్లబల్ల మీద వ్రాసినట్లు వ్రాయుదుము. నూరు శాతము వైకల్యమునకు చివరి వేతనములో 30 శాతము అంగవైకల్య భాగముగా వచ్చును. చివరి వేతనము రూ. 40,000 అనుకొనుడి. అప్పుడు నూరు శాతమునకు రూ. 12,000. ముప్పది శాతమునకు రూ. 3,600. కరువు భృతి దీనికి వేరు.

అయితే 1996 జనవరి 1 నుండి శాతమును పై మెట్టుకు సవరించు పద్ధతి వచ్చెను. 50కి లోపు ఉన్నది 50 అగును. 50 నుండి 75 వరకు ఉన్నది 75 అగును. 76 నుండి 100 వరకు ఉన్నది 100 అగును. మొదట ఇది అనారోగ్యము వలన సైన్యము నుండి పంపివేయబడిన వారికే ఇయ్యబడెను. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు, సర్వీసు కాలము ముగించి వచ్చినవారికి కూడ ఇది చెందునని తీర్పు చెప్పెను.

ఇప్పుడు చూడుడి. 30 శాతము ఉన్నవానికి సవరణతో 50 శాతపు సొమ్ము, అనగా రూ. 6,000 వచ్చుచున్నది. రివ్యూ బోర్డు 40 శాతమునకు పెంచినను అదే రూ. 6,000. ఒక్క రూపాయి పెరుగదు. 50 శాతము వేసినయెడల 75 మెట్టుకు చేరి రూ. 9,000 వచ్చును. గనుక దరఖాస్తుకు ముందు రెండు ప్రశ్నలు అడుగవలెను. నాకు సవరణ ఇప్పటికే కలిసినదా? కలిసినయెడల, నా వ్యాధి పై మెట్టుకు చేరునంతగా ముదిరినదా? సవరణయే కలియని వారికి కావలసినది కొత్త బోర్డు కాదు, సవరణ కొరకు అర్జీ మాత్రమే.

2023 సెప్టెంబరు 21 నుండి కొత్త నిబంధనలు అమలుకు వచ్చినవి. ఆ తరువాత సర్వీసు విడిచినవారు వాటిని చూచుకొనవలెను.

4. కాగితము ఎక్కడ ఉండును?

దరఖాస్తు మొదట రికార్డు ఆఫీసుకు పోవును. మద్రాసు రెజిమెంటు వారికి నీలగిరులలోని వెల్లింగ్టన్, మద్రాసు శాపర్లకు బెంగుళూరు, ఇ.ఎం.ఇ. వారికి సికింద్రాబాదు. అక్కడనుండి వైద్య బోర్డు, తరువాత ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షను మంజూరు కార్యాలయము. ఇప్పుడు చెల్లింపు స్పర్శ్ అను కంప్యూటరు పద్ధతిలో జరుగుచున్నది. కాగితము ఇన్ని బల్లలు దాటవలెను గనుక ఆలస్యము కలుగును. ఆలస్యము తిరస్కారము కాదు. అయితే అడుగనివాని కాగితము అడుగునకు పోవును.

గనుక దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకొనుడి. ప్రతి ఉత్తరమునకు నకలు ఉంచుకొనుడి. పాత వైద్య బోర్డు కాగితములు లేనివారు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. 30 దినములలో జవాబు ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది.

5. ఎంతకాలము కనిపెట్టవలెను?

సాయుధ దళముల ట్రిబ్యునలు చట్టము 2007లో వచ్చినది. ట్రిబ్యునలు 2009లో పని ప్రారంభించినది. దాని ప్రాంతీయ బెంచి మన చెన్నైలోనే ఉన్నది. అధికారులకు పెట్టిన అర్జీకి ఆరు నెలలు జవాబు రానియెడల ట్రిబ్యునలుకు పోవుటకు దారి తెరచియుండును. తుది ఉత్తర్వు వచ్చినయెడల, వచ్చిన ఆరు నెలలలోగా పోవలెను. గనుక క్యాలెండరు మీద రెండు తేదీలు గుర్తు పెట్టుకొనుడి: అర్జీ అందిన తేదీ, దాని తరువాత ఆరవ నెల. ట్రిబ్యునలు తానే శాతము వేయుట అరుదు. సాధారణముగా కొత్త బోర్డు పెట్టుమని ఆజ్ఞాపించును.

ఊరకుండుటకు నష్టమున్నది. తర్సేమ్ సింగ్ కేసులో ఆ సైనికుడు 1983లో సైన్యము విడిచి, 1999లో హైకోర్టుకు పోయెను. 2008లో సుప్రీంకోర్టు అతనికి హక్కు ఉన్నదని ఒప్పుకొనెను గాని, బకాయిని కోర్టుకు పోయిన తేదీకి ముందటి మూడేండ్లకు మాత్రమే పరిమితము చేసెను. మిగిలిన ఏండ్ల సొమ్ము పోయెను.

నిర్ణయము రాకమునుపే సైనికుడు కన్నుమూసినయెడల, అతనికి రావలసిన బకాయి నామినీకి చెందును. గనుక నామినేషను సరిచేసికొనుట, భార్య పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితములలో ఒకటిగా ఉండునట్లు చూచుట నేడే చేయవలసిన పని. మన ఇండ్లలో ఇంటిపేరు తెలుగు కాగితములో ముందు, సైన్యపు కాగితములో వెనుక, రేషను కార్డులో తమిళ పద్ధతిలో అక్షరము మాత్రమే ఉండును. ఈ తేడాల వలన విధవరాండ్రు ఆఫీసుల చుట్టు తిరుగుచున్నారు.

6. సంఘము చేయదగినది

మన పెద్దలు బ్యారకులో హిందీ, ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాటలాడిరి. వచ్చు ఉత్తరములు మాత్రము ఇంగ్లీషులో ఉండును. చదువుకొన్న యౌవనస్థులు నెలకొక సాయంత్రము కూర్చుండి ఆ ఉత్తరములు చదివి చెప్పుట గొప్ప సహాయము. నవంబరులో జీవన ప్రమాణ పత్రము ఇప్పించుడి. జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయమునకు తోడు వెళ్లుడి. రాబోవు బకాయిని నమ్మి వడ్డీకి అప్పు చేయకుండ, వచ్చినదానిలో వాటా ఇమ్మను దళారులకు సంతకము చేసి ఇయ్యకుండ పెద్దలను కాపాడుడి. అన్నిటికంటె, "ఇంకా రాలేదా?" అని ప్రతివారము వారిని అడుగక, "ఈ వారము ఏ కాగితము చూడవలెను?" అని అడుగుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో మాజీ సైనికుల ఇండ్లు ఎన్ని? వారి విధవరాండ్రు ఎందరు?
2. 30 శాతము నుండి 40కి పెరిగినను సొమ్ము పెరుగకపోవుటకు కారణమేమి?
3. అర్జీకి ఆరు నెలలు జవాబు రానియెడల ఏ దారి ఉన్నది?
4. మీ ఇంటి కాగితములలో పేర్లు, తేదీలు ఒకటిగా ఉన్నవా? వచ్చు కూటమునకు ముందు చూచి రండి.