దుడుకుతనమును కొలుచు పరీక్షలు

ముందు చేసి పిమ్మట ఆలోచించు స్వభావమును మనము దుడుకుతనమందుము. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘ఇంపల్సివిటీ’ అందురు. వ్యసనము, ఏకాగ్రతా లోపము, ఆత్మహత్యా ప్రయత్నము మొదలగు స్థితులలో వైద్యుడు దీనిని విచారించును. దీనిని కొలుచు పరీక్షలు రోగి విషయమున ఎంతవరకు నమ్మదగినవి?

1995లో వెలువడిన బారట్ మాపని పదునొకండవ రూపమున 30 వాక్యములు గలవు. వాక్యమునకు నాలుగేసి జవాబులు. మొత్తము 30 నుండి 120 వరకు వచ్చును. ఇది రోగి తన్ను గూర్చి తాను చెప్పుకొను మాట. మరియొక పరీక్షలో తెరపై గుర్తు కనబడగానే మీట నొక్కవలెను. ఆగుమను సంకేతము వచ్చినచో చేతిని నిలుపవలెను. ఇంకొకదానిలో నేడు 100 రూపాయలా, కొన్ని నెలలకు 150 రూపాయలా యని అడుగుదురు.

ఇవి ఒకే గుణమును కొలుచునని తోచును. కాని 2011లో సైడర్స్, కొస్కున్‌పినార్ అను పరిశోధకులు పూర్వ పరిశోధనలను కూడగట్టి చూడగా, ప్రశ్నావళికిని చేతల పరీక్షలకును పొంతన బహు స్వల్పమని తేలినది. మీట నొక్కు పరీక్షలలో మరియొక చిక్కు గలదు. వానిలో మనుష్యులందరు ఇంచుమించు ఒకే తీరున ప్రవర్తింతురు. కనుక సమూహపు సగటు చక్కగా తెలియును గాని, ఒక్కొక్కరి మధ్య భేదము కొలత దోషములో కలిసిపోవును. వైద్యుని యెదుట కూర్చుండునది సమూహము కాదు గదా!

విదేశములలో కూర్చిన ఈ పరీక్షలను మన గట్టు ప్రాంతమునకు తెచ్చినచో చిక్కు ఇనుమడించును. 2011 జనగణనలో అక్షరాస్యత మిక్కిలి తక్కువగా నున్న మండలములలో గట్టు ఒకటి. వాక్యములను మరియొకరు చదివి వినిపింపవలెను. మామగారు ప్రక్కనుండగా కోడలు తన దుబారాను ఒప్పుకొనునా? అనువాదము సంగతి సరేసరి. ‘వెంటనే పనిలోకి దిగుదును’ అను తెలుగు వాక్యము చురుకుతనమువలె వినబడును. దానినే ఉర్దూలో ‘జల్ద్‌బాజీ’ యన్నచో నింద యగును. మనిషి యొక్కడే, మార్కులు వేరు!

రూపాయల ప్రశ్న మరింత ఆలోచింపదగినది. గద్వాల ప్రాంతపు విత్తన పత్తి రైతుకు, సరుకు అప్పగించి పరీక్షలు ముగిసిన పిమ్మటగాని పూర్తి సొమ్ము ముట్టదు. అట్టివాడు ‘నేటి 100 చాలును’ అన్నచో అది దుడుకుతనమా, అనుభవమా?

ఒకే రోగిని చికిత్సకు ముందును తరువాతను పోల్చుటకు, ఇంటివారి మాటతో సరిచూచుటకు ప్రశ్నావళి కొంత తోడ్పడును. అంతకు మించి దానిపై భారము మోపరాదని నా అభిప్రాయము. పురుగుమందు త్రాగి బ్రతికి బయటపడినవానికి మార్కులు తక్కువ వచ్చినవని నిశ్చింతగా ఇంటికి పంపరాదు. మిగిలిన మందు ఇంటిలో ఎక్కడ నున్నదో, తాళము ఎవరి చేతనున్నదో ముందుగా అడుగవలెను.