అరకు లోయలో కుటుంబ పర్యాటకం: వలిసె చేను, కాఫీ తోటల సందర్శన నిర్వహణపై ఒక పరిశీలన

విశాఖపట్నం నుండి అరకు లోయకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. పిల్లలతో, వృద్ధులతో వచ్చే కుటుంబాలు సాధారణంగా అనంతగిరి కాఫీ తోటల వద్ద ఆగి, బొర్రా గుహలు చూసి లోయకు చేరుతాయి. మరునాడు పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, డుంబ్రిగూడ వైపున చాపరాయి చూసి తిరుగు ప్రయాణమవుతాయి. రైలులో వచ్చేవారికి కొత్తవలస–కిరండూల్ మార్గంలోని సొరంగాలే మొదటి వినోదం. 2017లో ఈ మార్గంలో ప్రవేశపెట్టిన అద్దాల పైకప్పు విస్తాడోమ్ బోగీ ఆ ఆకర్షణను మరింత పెంచింది.

పర్యాటక కరపత్రాలు వీటన్నిటినీ ప్రకృతి దృశ్యాలుగానే పరిచయం చేస్తాయి. వాస్తవానికి సందర్శకుడు దారిలో ఆగి చూసే దానిలో చాలా భాగం సాగుభూమి. సిల్వర్ ఓక్ నీడలోని కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియపు తీగ, వాలు భూములలోని పసుపు, చోళ్లు, సామలు, కార్తీకంలో పూచే వలిసెలు, ఇవన్నీ గిరిజన రైతు శ్రమ ఫలితాలు. కనుక ఇక్కడి పర్యాటకం వ్యవసాయ విస్తరణకు బయటి విషయం కాదు. చేనే ఆకర్షణగా మారినప్పుడు దానికి కలిగే నష్టాన్ని, రైతుకు దక్కే ప్రతిఫలాన్ని పంట యాజమాన్యంలో భాగంగానే చూడవలసి ఉన్నది.

గుహ, బండ, నీరు

బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. వర్షపు నీరు పై నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. రాతిలోని సున్నాన్ని కరిగించుకొని, గుహ కప్పు నుండి బొట్టు బొట్టుగా జారుతూ దానిని తిరిగి పేర్చుతుంది. ఆ వాయువులో అధిక భాగం వేళ్ల, సూక్ష్మజీవుల శ్వాసక్రియ నుండి వచ్చినదే. అంటే లోపల వేలాడే రాతి స్తంభాలకు పైనున్న అడవి నేలతో సంబంధం ఉన్నది. ఈ ఒక్క మాట చెబితే పదేళ్ల పిల్లవాడికి కూడా గుహ వేరుగా కనిపిస్తుంది. రాళ్లలో దేవతల, జంతువుల ఆకారాలు చూపించి సరిపెట్టడం వల్ల ఆ అవకాశం చేజారుతున్నది. ఈ గుహల గుండా సాగే గోస్తనీ నది తాటిపూడి జలాశయం మీదుగా వెళ్లి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీరు విశాఖ నగరానికి తాగునీరు. గుహ చూడవచ్చిన నగరవాసి ఇంటి కుళాయికీ, ఎగువ వాలులలో నేల కోతకూ ఉన్న లంకె ఇక్కడ చూపించదగినది.

చాపరాయి వద్ద నీరు ఎత్తు నుండి దూకదు. పరచినట్లున్న బండ మీదుగా జారుతుంది. లోతు తక్కువగా కనిపించడం వల్లనే పెద్దలు పిల్లలను నిస్సంకోచంగా దించుతారు. నాచు పట్టిన బండ పాదానికి పట్టు ఇవ్వదు. ఎగువన కురిసిన వానకు ప్రవాహం ఒక్కసారిగా పెరగవచ్చు. కుటుంబాలకు సూచనలిచ్చే వారు ఈ రెండు విషయాలు మొదటే చెప్పాలి.

వలిసె చేను

వెర్రి నువ్వులని కూడా వ్యవహరించే వలిసె ఈ ప్రాంతపు వర్షాధార నూనెగింజ పంట. శాస్త్రీయ నామం గైజోషియా అబిసినికా. గింజలో నూనె సుమారు 35 నుండి 40 శాతం ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో చల్లిన విత్తు అక్టోబరు చివర, నవంబరులో పూతకు వస్తుంది. సరిగ్గా అదే కార్తీక మాసం. వనభోజనాలకు బయలుదేరిన కుటుంబాలకు రోడ్డు పక్కన పచ్చని పూల తివాచీ ఎదురవుతుంది. వాహనం ఆగుతుంది, పిల్లలు చేనిలోకి పరుగెత్తుతారు, ఫొటోల కోసం పెద్దలు వారి వెనుకనే దిగుతారు. ఒక కుటుంబం తొక్కిన చోటు కనబడకుండా ఉండాలని తరువాతి కుటుంబం మరికొంత లోపలికి వెళుతుంది. నష్టం వ్యాపించే తీరు ఇదే.

దీనిని పూలు కోసిన నష్టంగా మాత్రమే లెక్కించరాదు. వలిసెలో స్వీయ అననుకూలత ఉన్నది. ఒక మొక్క పుప్పొడితో అదే మొక్క పూవు గింజ కట్టడం అరుదు. పరపరాగ సంపర్కం తేనెటీగలపై ఆధారపడుతుంది. ఉదయం వేళ చిరుపూలు విచ్చుకొని పుప్పొడి విడుదలయ్యే సమయంలోనే సందర్శకుల రాక కూడా మొదలవుతుంది. విరిగిన కొమ్మ కంటికి కనిపిస్తుంది. తేనెటీగ రాక తగ్గి తాలుగా మిగిలిన గింజ కోత తరువాత గాని తెలియదు.

కొందరు రైతులు ఇప్పటికే చేనిలోకి దిగేవారి వద్ద రుసుము తీసుకుంటున్నారు. దీనిని దోపిడీగా చూసే సందర్శకులున్నారు; ఆ అభిప్రాయం సరికాదు. పంట అతనిది, నష్టమూ అతనిదే. అయితే రుసుము ఒక్కటే చేనును కాపాడదు. డబ్బు చెల్లించినవాడు ఎక్కడైనా నడిచే హక్కు కొన్నాననుకుంటాడు. కనుక బాట ముందు, రుసుము తరువాత. బాటను పూత సమయంలో తొక్కించి చేయడం కన్న విత్తే రోజునే వదలడం మేలు. చతురస్రాకారపు ఎకరం చేను ఒక్కొక్క వైపు సుమారు 64 మీటర్లు ఉంటుంది. దాని మధ్యగా మీటరు వెడల్పున బాట వదిలితే పోయేది 64 చదరపు మీటర్లు, అంటే మొత్తం 4,047 చదరపు మీటర్లలో 1.6 శాతం మాత్రమే. బాట చివర వెదురుతో మంచె కడితే ఫొటో కోసం చేనిలోకి దిగవలసిన అవసరమే తగ్గుతుంది. కాపలాకు వేసే మంచె ఈ ప్రాంత రైతుకు కొత్త కాదు; పిల్లలు ఎక్కేదానికి మాత్రం చుట్టూ కటకటాలు, గట్టి నిచ్చెన తప్పనిసరి. తేనెటీగల పెట్టెలు ఉంచే రైతు వాటిని బాటకు దూరంగా, చేను అవతలి అంచున ఉంచాలి.

కాఫీ తోట

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పండ్ల కోత నవంబరు నుండి సాగుతుంది. సంక్రాంతి సెలవుల రద్దీ కూడా ఆ కాలంలోనే. కూలీల కొరత ఉన్న ఆ రోజులలో తోట చూపించడానికి ఒక మనిషిని కేటాయించడం చిన్న రైతుకు భారమే.

ఇటీవల దీనికి మరొక చిక్కు తోడైంది. కాఫీ కాయతొలుచు పురుగు, హైపోథెనెమస్ హాంపీ, భారతదేశంలో మొదట 1990లో నీలగిరులలోని గూడలూరు ప్రాంతంలో కనిపించింది. 2025లో అరకు ప్రాంతపు తోటలలోనూ దానిని గుర్తించారు. తల్లి పురుగు పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. కాయ కొన వద్ద తొలిచి, గింజలోనే గుడ్లు పెడుతుంది. పురుగు పట్టిన పండ్లు, వాడిన గోనె సంచులు, మనుషుల, వాహనాల రాకపోకల ద్వారా కొత్త తోటలకు చేరుతుంది. ఎర్రని పండును చూసి పిల్లవాడు రెండు కోసి జేబులో వేసుకోవడం, మరొక తోట వద్ద పారవేయడం ఇక చిన్న విషయం కాదు. రాలిన పండ్లను ఏరివేయడం, ఆకర్షక ఎరలు అమర్చడం, బవేరియా బాసియానా చల్లడం వంటి చర్యలు రైతు చేస్తుండగా సందర్శకుడు వాటిని వమ్ము చేసే అవకాశమున్నది.

తోటను మూసివేయమని చెప్పడం సులభమే గాని, అది రైతు ఆదాయానికి అడ్డు. సందర్శనను తోట నుండి కళ్లానికి మార్చడం మెరుగైన మార్గం. పురుగు లేని పండ్లను ఏరి పళ్లెంలో ఉంచి, పిల్లలచేత ఒక్కొక్కటి నొక్కించవచ్చు. జిగురుతో రెండు గింజలు జారివస్తాయి. పల్పింగ్, పులియబెట్టడం, కడగడం, ఆరబోయడం అన్నీ అక్కడే వరుసగా చూపవచ్చు. వాడిన పండ్లను, తొక్కలను సందర్శకుల చేతికి ఇవ్వక అక్కడే సేకరించాలి. ఒక హెచ్చరిక: ఆరుతున్న పార్చ్‌మెంట్ గింజ పరిసరాల వాసనను పట్టుకుంటుంది. అతిథుల కోసం రాత్రివేళ వేసే చలిమంట, బొంగు చికెన్ పొయ్యి కళ్లానికి గాలివాలున ఉండరాదు.

ప్రతిఫలం

అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులకు బదలాయించరాదు. బొర్రా పరిసరాల గనుల లీజుల నుండి పుట్టిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు ఆ రక్షణను బలపరచింది. చట్టరీత్యా చేను గిరిజనుడిది కాగా, బస, రవాణా, భోజన వ్యాపారాలలోని ఆదాయం బయటకు వెళితే చేనుకు మిగిలేది తొక్కుడు మాత్రమే. రుసుము, పార్కింగు, సంఘం తరఫున అమ్మే వలిసె నూనె, తేనె, కాఫీ పొడి వంటివి రైతు చేతిలో ఉండేలా గ్రామసభలో ముందే తీర్మానించుకోవడం అవసరం. పూత మొదలయ్యాక ఆ చర్చకు తీరిక ఉండదు.

క్షేత్రస్థాయిలో తేల్చవలసిన అంశం ఒకటి విద్యార్థులకు తగినది. బాట వదిలిన చేను, వదలని చేను ఎంచుకొని, రోడ్డు అంచున, మధ్యలో, అవతలి కొసన చదరపు మీటరు గళ్లు గుర్తించాలి. పూత కాలంలో గంటకు వచ్చే తేనెటీగలను, సందర్శకులను లెక్కించి, కోతనాడు ప్రతి గడిలోని నిండు గింజలను, తాలు గింజలను వేరుగా తూచాలి. తూకంలో తేడాను ఆనాటి గింజ ధరతో గుణిస్తే, ఒక్కొక్క సందర్శకుడి నుండి తీసుకోవలసిన కనీస రుసుము ఎంతో రైతుకు అంకెలలో చెప్పవచ్చు.