వెలిగారం చాలదా అన్నావు

తిరువూరు

చి. అమ్ములూ,

ఉత్తరం అందింది. పచారీ కొట్లో వెలిగారం చవగ్గా దొరుకుతుంటే గ్లేజు కోసం బోరాన్ ఫ్రిట్ ఎందుకు కొనాలని అడిగావు. మా ల్యాబులో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఇదే అడిగేవారు.

కంసాలి అతుకు పెట్టేముందు వెలిగారం అద్దడం చూశావుగా. పొంగి, కరిగి, గాజులా పరుచుకుంటుంది. గ్లేజులోనూ దాని పని అదే. గ్లేజులో గాజయ్యే క్వార్ట్జ్ ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు కావాలి. నీ ఎర్రమట్టి 1150 దాటితే వంగిపోవచ్చు. వెలిగారంలోని బోరాన్ తోడుంటే 1000 దగ్గరే గ్లేజు పారుతుంది.

చిక్కల్లా నీళ్లతో. వెలిగారం నీళ్లలో కరుగుతుంది. బకెట్లో కలిపావంటే బిస్క్ కుండ, అంటే పూతకి ముందు ఒకసారి కాల్చిన కుండ, ఆ నీళ్లు పీలుస్తుంది, ఆరేటప్పుడు వెలిగారం అంచుకీ పిడికీ చేరుతుంది. అక్కడ గ్లేజు కారిపోతుంది, మిగతాచోట గరుకుగా ఉండిపోతుంది. మర్నాటికి బకెట్ అడుగున పలుకులు. పైగా దాని బరువులో దాదాపు సగం నీరే, బట్టీలో పొంగి పూతని పెచ్చులుగా లేపుతుంది. అందుకే ఫ్యాక్టరీలో ముందే దాన్ని క్వార్ట్జ్, సున్నపురాయి లాంటివాటితో కరిగించి, ఆ ద్రవాన్ని చన్నీళ్లలో పోసి, పగిలిన గాజుని మరపడతారు. అదే ఫ్రిట్. ఇక నీళ్లు దాన్ని పెద్దగా కదిలించలేవు. నువ్వు కట్టే డబ్బు ఆ కరిగింపుకే.

ఎవరైనా సీసం ఫ్రిట్ చూపించి మెరుపు చూడమంటారు. మెరుపు నిజమే, కాదనను. కానీ చింతపండు, నిమ్మరసం సీసాన్ని లాగేస్తాయి. ఇంగ్లండులో కుండల కార్మికులకి సీసం విషం ఎక్కుతోందని థార్ప్, ఆలివర్ 1899లోనే నివేదిక ఇచ్చారు. సీసాన్ని నీ గదిలోకే రానివ్వకు.

ఫెర్రో 3134 ఫ్రిట్ దొరికితే తీసుకో. అందులో బోరిక్ ఆక్సైడ్ నూటికి 23 పాళ్లు, సున్నం 20. అల్యూమినా మాత్రం దాదాపు లేదు, అది చైనా క్లే నుంచి రావాలి. ఫ్రిట్ 80, క్లే 20తో మొదలుపెట్టి, క్వార్ట్జ్ అయిదేసి పాళ్లు పెంచుతూ పలకల మీద చూడు. క్వార్ట్జ్ పెరిగితే సన్న పగుళ్లు తగ్గుతాయి, మరీ పెరిగితే మెరుపు పోతుంది. ఎర్రమట్టి మీద పాలనీలం మబ్బు కనిపిస్తే కంగారుపడకు. అది బోరాన్ వేసే రంగు, నాకైతే ఇష్టం. బిస్క్ మాత్రం గ్లేజు కాల్పుకన్నా ఎక్కువ వేడికి కాల్చు. మట్టిలోని వాయువులు ముందే పోవాలి, లేకపోతే బుడగలు.

ఇక ఆవకాయ జాడీ. ఈ మామిడితోటల ఊళ్లో పుట్టి ఆ కోరిక లేకుండా ఎలా ఉంటుంది! అయినా వద్దంటాను. నువ్వు కాల్చే వేడికి ఎర్రమట్టి నీరు పీల్చేదే. పూతలో ఒక్క గీత పడితే ఉప్పూ నూనే లోపలికి దిగుతాయి. ఊరగాయకి 1200 దాటి కాల్చిన రాతిజాడీయే. నువ్వు కాఫీ కప్పులు, పప్పు గిన్నెలు చెయ్యి. ఒక్కోదాంట్లో నిమ్మచెక్క రాత్రంతా ఉంచి, పొద్దున్న మచ్చ పడితే ఆ గ్లేజు తిండి గిన్నెలకి పనికిరాదు.

మొదటి పలకలు ఆర్టీసీ పార్సిల్లో పంపు. ఏ వేడికి, ఎంతసేపు ఉంచావో పలక వెనకే రాయి.

మీ తాతయ్య