సముద్ర భద్రత: ఒడ్డున కూడా కొలువులున్నాయి

మర్చంట్ నేవీ అనగానే మన ఇళ్లల్లో రెండే మాటలు వినిపిస్తాయి: జీతం బాగుంటుంది, నెలల తరబడి ఇంటికి దూరం. ఒడ్డునే ఉండి ఓడల భద్రత చూసే ఉద్యోగాల గురించి ఇంటర్ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ రంగం ఎటు పోతోందో తెలియాలంటే యూరప్ సముద్ర భద్రతా సంస్థ ‘ఎమ్సా’ను గమనించాలి.

1999 డిసెంబరులో ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో ‘ఎరికా’ అనే చమురు ట్యాంకర్ తుపానులో రెండు ముక్కలైంది. అందులోని సిబ్బంది 26 మందీ భారతీయులే. హెలికాప్టర్లు వచ్చి అందరినీ కాపాడాయి గానీ, సుమారు 20 వేల టన్నుల చమురు సముద్రం పాలైంది. ఆ దెబ్బతోనే 2002లో ఎమ్సా పుట్టింది. దాని కార్యాలయం లిస్బన్‌లో ఉంది.

మొదట్లో దాని పని ప్రధానంగా తనిఖీలు, చమురు కాలుష్యం చుట్టూనే. 2023 జూన్‌లో యూరోపియన్ కమిషన్ ఈ పాత్రను బాగా పెంచాలని ప్రతిపాదించింది. కర్బన ఉద్గారాల తగ్గింపు, అమ్మోనియా, మిథనాల్ లాంటి కొత్త ఇంధనాల భద్రత, సైబర్ భద్రత, సముద్ర నిఘా అందులో ఉన్నాయి. విద్యార్థి చూడాల్సింది ఈ జాబితానే. రేపటి కొలువులు ఇక్కడి నుంచే వస్తాయి.

ఉపగ్రహ నిఘానే తీసుకోండి. నీటిపై నూనె పరుచుకుంటే చిన్న అలలు అణిగిపోతాయి. అప్పుడు రాడార్ చిత్రంలో ఆ చోటు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. గాలి లేనిచోట కూడా అలాంటి మచ్చే పడుతుంది. ఏది నూనె, ఏది కాదు, ఆ సమయానికి అటుగా వెళ్లిన ఓడ ఏది అని తేల్చాలి. రిమోట్ సెన్సింగ్, డేటా సైన్స్ చదివినవాళ్లకు ఇది చేతినిండా పని.

కర్బన లెక్కలూ అంతే. 2024 నుంచి 5,000 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉన్న పెద్ద ఓడలు యూరప్ రేవులకు వెళ్తే ఉద్గారాలకు మూల్యం చెల్లించాల్సిందే, యజమాని ఏ దేశం వాడైనా సరే. ఆ లెక్కలు చూసేవాళ్లు మన ముంబై షిప్ మేనేజ్‌మెంట్ ఆఫీసుల్లో కూడా కావాలి.

ఎమ్సాలో నేరుగా ఉద్యోగానికి సాధారణంగా యూరోపియన్ యూనియన్ పౌరసత్వం ఉండాలి. అయినా దాని తనిఖీ మన దాకా వస్తుంది. యూరప్ దేశాల జెండాతో నడిచే ఓడల్లో ఆఫీసర్లుగా పనిచేసే విదేశీయుల శిక్షణ ఎలా ఉందో ఆయా దేశాలకు వెళ్లి చూసేది ఈ సంస్థే. ఫిలిప్పీన్స్ శిక్షణలో లోపాలు ఏళ్ల తరబడి తేలడంతో వేలాది ఆఫీసర్ల సర్టిఫికెట్లు ప్రమాదంలో పడ్డాయి. చివరికి 2023లో వాటికి యూరప్ గుర్తింపు కొనసాగింది. కాలేజీ నాసిరకమైతే నష్టపోయేది కష్టపడి చదివిన పిల్లవాడే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇంటర్ ఎంపీసీ వాళ్లకు దారి ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలో కలిపి 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులు ఉండాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ ఓషన్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. ఓడ ఎక్కకుండా ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా అదే. అది చదివాక ఓడల నాణ్యతను ధ్రువీకరించే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటి సంస్థల్లో సర్వేయర్ కొలువులకు ప్రయత్నించవచ్చు. మెకానికల్ ఇంజినీర్లకు ఏడాది మెరైన్ ఇంజినీరింగ్ కోర్సు ఉంది. అయితే సర్వే పనిలో ఎదగాలంటే కొన్నేళ్లు ఓడలో పనిచేసిన అనుభవానికి విలువ ఎక్కువ.

ఓడలో చేరాలనుకుంటే ఫీజు కట్టకముందే కంటి పరీక్ష చేయించుకోండి. రంగులు సరిగా గుర్తించలేకపోతే డెక్ ఉద్యోగం దక్కదు. కాలేజీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ అనుమతి ఉందో లేదో, ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు నావికుల నియామకాలకు అవసరమైన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఆ రెండూ తేలేవరకు ఎవరికీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.