చాయ్‌లోని మందు

పరీక్షల దినములలో అర్ధరాత్రి చాయ్ త్రాగి చదువనివారు మన విద్యార్థులలో అరుదు. ఆ చాయ్‌లో నిద్రను తరుమునది కెఫీన్. 1819లో జర్మన్ రసాయనవేత్త రుంగే దీనిని కాఫీ గింజల నుండి వేరుచేసెను. కోకోలోని థియోబ్రోమిన్, 1888లో కోసెల్ తేయాకు నుండి తీసిన థియోఫిలిన్ దీనికి తోబుట్టువులు. మూడింటికిని జాంథీన్ అను అణువే మూలము. దానికి మిథైల్ సమూహములు చేరుటచే వీనిని మిథైల్ జాంథీనులందురు.

హార్మోను కణము వెలుపలనే నిలిచి తన వార్తను లోనికి పంపును. ఆ వార్తను మోయు దూత సైక్లిక్ ఏఎంపీ. దీనిని కనుగొన్న సదర్లండ్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించెను. పని ముగిసిన పిదప దూతను విచ్ఛిన్నము చేయునది ఫాస్ఫోడైఎస్టరేజ్ అను ఎంజైము. మిథైల్ జాంథీనుల ఆకృతి ఆ దూతలోని ఎడినీన్ భాగమును పోలియుండును. ఎంజైము మోసపోయి దూతకు బదులు వీనిని పట్టుకొనును. అంతట దూత కణములో ఎక్కువసేపు నిలుచును, శ్వాసనాళముల కండరములు సడలును. ఉబ్బసమునకు థియోఫిలిన్ వాడుటకు ఇదియొక ఆధారము.

చాయ్ వలన నిద్రపోవకుండుటకును ఇదే కారణమని మేమును చాలకాలము నమ్మితిమి. అది సరికాదు. రెండు కప్పుల చాయ్‌తో రక్తములో చేరు కెఫీన్ ఈ ఎంజైమును అడ్డగించుటకు చాలదు. మెలకువతో గడచిన కొలది మెదడులో ఎడినోసిన్ పేరుకొని మత్తు కలిగించును. కెఫీన్ ముందుగా పోయి దాని స్థానమున కూర్చుండును. ఇందు ఎంజైము ప్రసక్తియే లేదు.

ఎంజైమును నిజముగా అడ్డగింపవలెనన్న మోతాదు పెరుగవలెను. చిక్కంతయు అచ్చటనే. మిల్లీలీటరు రక్తములో థియోఫిలిన్ 20 మైక్రోగ్రాములు దాటిన వాంతులు, గుండెదడ, మూర్ఛలు కలుగవచ్చును. ఇన్‌హేలర్లు వచ్చిన పిదప దీని వాడుక తగ్గినను, డెరిఫిలిన్ వంటి మాత్రలలో ఇది నేటికిని కలదు. కాలేయములోని మరియొక ఎంజైము దీనిని విరిచి బయటికి పంపును. జ్వరమునకో, మరి దేనికో సిప్రోఫ్లాక్సాసిన్ వాడినచో ఆ ఎంజైము మందగించును. నిరోధకమును వదిలించు ఎంజైమునకే నిరోధము! నిన్నటి మాత్రయే నేడు విషమగును. పొగత్రాగువాడు ఆ అలవాటు మానినను ఇట్లే మందు రక్తములో పెరుగును. మానుట మంచిదే, వైద్యునికి చెప్పి మోతాదు సరిచేయించుకొనవలెను.

ఇక చిక్కని చాయ్ త్రాగిన ఆయాసము తగ్గునని ఇండ్లలో అనుటను వినియున్నాము. చాయ్‌లోని థియోఫిలిన్ లేశమాత్రము. కెఫీన్ శ్వాసనాళములను కొంత సడలించును గాని, ఊపిరాడని రోగి యెదుట చాయ్ కాచుచు కూర్చుండుటకు అది చాలదు.