సంతకానికి ముందే వేసుకోవాల్సిన పెన్షన్ లెక్క

టెక్సాస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారికి మొదటి నెల ఊపిరాడదు. పాఠాలు, ల్యాబ్, అద్దె ఇల్లు, వీసా కాగితాలు. ఆ హడావిడిలోనే హెచ్‌ఆర్ నుంచి ఒక ఫారం వస్తుంది. టీచర్ రిటైర్మెంట్ సిస్టమ్‌లో ఉంటారా, ఆప్షనల్ రిటైర్మెంట్ ప్రోగ్రామ్‌కు వెళ్తారా అని అడుగుతుంది. మొదటిది జీవితాంతం వచ్చే పెన్షన్. ఓఆర్‌పీ అని పిలిచే రెండోది మీ పేరున ఉండే పెట్టుబడి ఖాతా. గడువు 90 రోజులు. ఏమీ చెప్పకపోతే పెన్షన్‌లోనే ఉండిపోతారు. ఎటు తేల్చుకున్నా, ఆ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో పనిచేసినంతకాలం దాన్ని మార్చుకోలేరు. అందుకే పీహెచ్‌డీ ముగించి ఇంటర్వ్యూలకు వెళ్తున్నవాళ్లు ఆఫర్ లెటర్ చేతికి రాకముందే ఈ లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం.

ఇంటికి ఫోన్ చేసి అడిగితే వచ్చే సలహా ఊహించగలం: పెన్షన్ ఉంటే ఇంకేం ఆలోచించకు అంటారు. అందులో తప్పేం లేదు. చివరి జీతంలో సగం, దానిమీద డీఏ తీసుకుంటున్న తరం అది. మన దగ్గర 2004 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరి, ఉద్యోగి వాటా కట్టే సీపీఎస్ పెన్షన్ పథకంలోకి వెళ్లినవాళ్లు పాత పెన్షన్ కోసం ఎంత ఆందోళన చేశారో కూడా చూసిన తరం. కానీ టెక్సాస్ పెన్షన్‌కు డీఏ లాంటిది లేదు. ధరలు పెరిగినంత మాత్రాన అది పెరగదు. 2023 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించాక పాత పెన్షనర్లకు ఒక పెంపు వచ్చింది. అలా రాష్ట్రం ప్రత్యేకంగా తలచుకోవాలి తప్ప ఏటా దానంతటదే రాదు.

ఇక అంకెలు. పెన్షన్‌లో మీ జీతం నుంచి 8.25 శాతం కోస్తారు. ఓఆర్‌పీలో మీరు 6.65 శాతం, ప్రభుత్వం 6.60 శాతం వేస్తారు. పెన్షన్ హక్కు రావాలంటే ఐదేళ్ల సర్వీసు ఉండాలి. ఓఆర్‌పీలో ఏడాది దాటిన మర్నాడే ప్రభుత్వ వాటా కూడా మీ సొంతం. జీతం 80 వేల డాలర్లు అనుకుందాం. నాలుగేళ్లకు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లారు. పెన్షన్‌లో ఉంటే మీరు కట్టింది 2 శాతం వడ్డీతో తిరిగి వస్తుంది, అంతే. ఓఆర్‌పీలో ఉంటే ప్రభుత్వం వేసిన 21 వేల డాలర్ల పైచిలుకు కూడా మీ వెంట వస్తుంది.

ఐదేళ్లు పూర్తిచేసి 35వ ఏట వెళ్లిపోతే? ఏడాదికి 2.3 శాతం చొప్పున 11.5 శాతం, అంటే ఏటా 9,200 డాలర్ల పెన్షన్. కానీ అది 65వ ఏట మొదలవుతుంది. ఈ 30 ఏళ్లలో ధరలు ఏటా 3 శాతం పెరిగితే, ఆనాటి 9,200కు నేటి విలువ నాలుగు వేల లోపే. అదే ఐదేళ్లలో ఓఆర్‌పీలో జమయ్యేది 53 వేలు. ఏటా 5 శాతం పెరిగితే 30 ఏళ్లకు సుమారు 2.29 లక్షలవుతుంది. అందులోంచి ఏటా 4 శాతం తీసినా దాదాపు అదే 9,200. పైగా అసలు మిగిలే ఉంటుంది, మీ తర్వాత పిల్లలకు చెందుతుంది.

ఇప్పుడు 35వ ఏట చేరిన మరొకరు 65 ఏళ్ల దాకా కదలకుండా 30 ఏళ్లు పనిచేశారనుకోండి. జీతం ఎక్కువగా ఉన్న ఐదేళ్ల సగటు 1.20 లక్షలైతే, అందులో 69 శాతం, అంటే నెలకు 6,900 డాలర్లు బతికున్నంతకాలం వస్తాయి. ఏటా 4 శాతం తీస్తూ అంత రాబట్టాలంటే ఓఆర్‌పీ ఖాతాలో 20 లక్షల డాలర్లకు పైగా ఉండాలి. సగటున లక్ష జీతం మీద 13.25 శాతం వేస్తూ పోతే, ఏటా 7 శాతం పెరిగినా పోగయ్యేది పన్నెండున్నర లక్షలే. పెన్షన్ బలమంతా చివరి పదేళ్లలోనే ఉంది. సర్వీసు ఏళ్లు, జీతం రెండూ అప్పుడే కలిసి పెరుగుతాయి. మధ్యలో దిగిపోయేవాళ్లకు ఆ ఫలం అందదు.

కాబట్టి షేర్ మార్కెట్ మీద నమ్మకం ఉందా అన్న ప్రశ్న తర్వాతది. ముందు తేల్చుకోవాల్సింది ఎన్నేళ్లు ఉంటారన్నదే. ఉద్యోగాన్ని శాశ్వతం చేసే టెన్యూర్ నిర్ణయం సాధారణంగా ఆరో ఏట వస్తుంది. హెచ్-1బీ వీసా మామూలుగా ఆరేళ్లకే. గ్రీన్‌కార్డు క్యూలో భారతీయుల వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. భార్యకో భర్తకో మరో నగరంలో ఉద్యోగం వస్తే కుటుంబం అటే కదులుతుంది. ఇన్ని అనిశ్చితుల మధ్య ముప్పైల్లో చేరే తెలుగు అధ్యాపకులకు ఓఆర్‌పీయే క్షేమమని నేను గట్టిగా చెబుతాను. డాలస్, హ్యూస్టన్‌లలో ఇల్లు కొని స్థిరపడి, పరిశ్రమలో కొన్నేళ్లు పనిచేసి నలభైల్లో బోధనకు వచ్చేవాళ్ల సంగతి వేరు. కదిలే ఆలోచన లేకపోతే వాళ్లు పెన్షన్‌నే ఎంచుకోవాలి. ఆఫీసు, సాంకేతిక సిబ్బందిలో ఎక్కువమందికి అసలు ఈ ఎంపికే ఉండదు, నేరుగా పెన్షన్‌లో చేరుస్తారు. విద్యార్థిగా చేసే టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్ పనులు రెండింటిలోకీ రావు.

ఓఆర్‌పీ ఎంచుకున్నవాళ్లు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. యూనివర్సిటీ ఆమోదించిన కంపెనీల జాబితా నుంచి ఖాతా మీరే తెరవాలి. ఆ కంపెనీల్లో కొన్ని తక్కువ ఖర్చు ఇండెక్స్ ఫండ్లు ఇస్తాయి, కొన్నిటి ఏజెంట్లు ఫీజులెక్కువున్న యాన్యుటీలను అంటగట్టాలని చూస్తారు. ఏడాదికి 1 శాతం ఫీజు చిన్నదిగా కనిపిస్తుంది. ఒకేసారి వేసిన సొమ్ము ఏటా 6 శాతం పెరిగేచోట 5 శాతమే పెరిగితే, 30 ఏళ్లకు నాలుగో వంతు కరిగిపోతుంది. వార్షిక ఖర్చు ఎంత, మధ్యలో ఖాతా మారిస్తే కోత ఉందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

వేరే రాష్ట్రం ఆఫర్ వస్తే నిబంధనలు వేరుగా ఉండొచ్చు. ఫ్లోరిడాలో పెన్షన్ హక్కుకు 8 ఏళ్లు పడుతుంది, పెట్టుబడి పథకంలో ఏడాది చాలు. మౌనంగా ఉంటే ఎక్కువమందిని పెట్టుబడి వైపే నెడతారు, తర్వాత ఒకసారి మారే అవకాశం మాత్రం ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో టెక్సాస్ లాగే 90 రోజుల గడువు, మౌనమంటే పెన్షనే.

ఎప్పటికైనా ఇంటికి తిరిగిరావాలనుకునేవాళ్లు ఇంకో మాట వినాలి. భారత్, అమెరికాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం, పూర్తికాకపోతే అక్కడ కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్నుకు రిటైర్మెంట్ సొమ్ము రాదు. అలాంటప్పుడు రిటైర్మెంట్ ఖాతాలో ప్రతి డాలరూ విలువైనదే. తిరిగొచ్చే తొందరలో దాన్ని ఖాళీ చేయకండి. యాభై తొమ్మిదిన్నర ఏళ్లలోపు తీస్తే మామూలు పన్ను పైన సాధారణంగా 10 శాతం జరిమానా పడుతుంది. అక్కడే ఐఆర్‌ఏ అనే వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతాలోకి మళ్లించి పెరగనివ్వచ్చు. అమెరికా రిటైర్మెంట్ ఖాతాలో ఏటా వచ్చే ఆదాయం మీద వెంటనే కాకుండా, సొమ్ము తీసుకున్నప్పుడే పన్ను కట్టే వీలు 2021లో మన ఆదాయపు పన్ను చట్టంలోకి వచ్చింది. అందుకు రిటర్న్ గడువులోపే ప్రత్యేక ఫారం దాఖలు చేయాలి. తిరిగొచ్చిన మొదటి ఏడాదే ఈ సంగతి ఆడిటర్‌తో మాట్లాడండి.