అడగని వారి పక్షాన

అమరకోశంలో ‘ప్రతినిధి’ అన్న శబ్దం ప్రతిమ, ప్రతిబింబం, ప్రతిచ్ఛాయ మొదలైన పదాల సరసన కనిపిస్తుంది. అద్దం తన ఎదుట నిలిచిన వారినే చూపుతుంది. ఓట్లతో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధికి ఆ వెసులుబాటు లేదు. తన గదికి వచ్చి అడిగిన వారి కష్టంతో పాటు, రాలేని వారి కష్టాన్ని, అడగలేని వారి కష్టాన్ని కూడా అతడు అధికారుల ముందుంచాలి. ఈ పని ఎంతటిదో మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల విద్యాచరిత్ర చెబుతుంది.

ఈ మెట్టప్రాంతాలలో ఉన్నతవిద్య చాలాకాలం హైదరాబాదు ప్రయాణంతో ముడిపడి ఉండేది. నల్లగొండలోని నేటి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. పూర్వం పైచదువు కోరిన పల్లె పిల్లవానికి ఏమి చదవాలన్న ప్రశ్న కన్నా ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ముందు వచ్చేది. వనపర్తి సంస్థానంలో జన్మించిన రాజబహదూర్ వెంకట్రామారెడ్డి 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు నెలకొల్పారు. పాలమూరు జిల్లాకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా పనిచేసి, అక్కడి గ్రంథాలయాన్ని పెంపొందించారు. నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి హరిజన సేవక సంఘం పక్షాన హరిజన విద్యార్థులకు వసతిగృహాలు నడిపారు. ఆ రోజులలో వారికి పట్టణంలో తలదాచుకొనే చోటు దొరకడమే దుర్లభం. ఎవరికి ఇంకా తలుపు తెరుచుకోలేదో చూడగలిగిన దృష్టి అది.

అయితే వీరందరూ పెద్దలు. విద్యార్థులు ఎన్నుకొన్నవారు కారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతరం పాడరాదని ఆంక్ష వచ్చినప్పుడు విద్యార్థులు తామే నోరు విప్పారు. బహిష్కృతులైన వారిలో పలువురు నాగపూరు విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. విద్యార్థి మాట వినే వేదిక లేనిచోట ఆ మాటకు బహిష్కారమే జవాబయింది.

అటువంటి వేదికగా ఉండవలసినది విద్యార్థి సంఘం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో 1980ల తరువాత ఆ ఎన్నికలు ఆగిపోయాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం జరుగుతూ వచ్చాయి. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫార్సులు అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలనీ, ఎన్నికల వ్యయం 5,000 రూపాయలు మించరాదనీ నిర్దేశించాయి. బీదవాడు కూడా పోటీ చేయగలగాలన్నది ఈ రెండవ నియమంలోని సారం. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీలో, విషయం విద్యార్థులకు సంబంధించినదైతే, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి. 2023 నిబంధనలలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీలో మాత్రం విద్యార్థి ప్రతినిధి నామినేట్ అయ్యే ప్రత్యేక ఆహ్వానితుడు. ఇది నాకు కొరతగానే తోస్తుంది. తోటివారు ఎన్నుకొన్నవాడు మరునాడు భోజనశాలలో వారికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది కదా!

ఎవరు నాయకులు కాగలరన్న దానికి మన ప్రాంతంలోనే ఒక నిదర్శనం ఉంది. మాడ్గులకు చెందిన ఎస్. జైపాల్‌రెడ్డి (1942–2019) బాల్యంలోనే పోలియో బారినపడి, ఊతకర్రలతో నడిచారు. ఉస్మానియాలో విద్యార్థి నాయకునిగా ఎదిగి, 1969లో కల్వకుర్తి నుండి శాసనసభకు, ఆ తరువాత పార్లమెంటుకు వెళ్ళారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందారు. అయితే అందరికీ ఆ వాగ్ధాటి ఉండదు. మర్రిగూడ వంటి మండలాలలో ఫ్లోరైడు నీటి వల్ల ఎముకలు వంగిన పిల్లలు ఎందరో పెరిగారు. అటువంటి విద్యార్థి మేడమీది తరగతికి ఎక్కలేక ఇంటివద్దనే ఉండిపోతే హాజరుపట్టీలో అది గైర్హాజరుగానే నమోదవుతుంది. ఆ తరగతిని కింది గదికి మార్చమని అడగడానికి పైసా ఖర్చు లేదు. విద్యాసంస్థల భవనాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టం చెబుతున్నది కూడా.

పాలమూరు వలస మరొక చిక్కు. తల్లిదండ్రులు ముంబైకో పుణెకో కూలికి వెళ్ళిన ఇంట, దసరా సెలవులకు వసతిగృహం మూసివేస్తే పిల్లవాడు ఎవరి ఇంటికి పోవాలి? పండుగకు ఊరు వెళ్ళే తొందరలో ఉన్న నూరుమందికి ఈ ప్రశ్న తట్టదు. ప్రతినిధికి తట్టాలి. మనసు కుంగిన మిత్రుని విషయంలోనూ ఇంతే. ప్రతినిధి వైద్యుడు కాడు. ఓపికగా వినడం, విన్నది పదిమందిలో చెప్పకపోవడం, నమ్మకమైన అధ్యాపకుని వద్దకో, 14416 సంఖ్యలో లభించే టెలిమానస్ సలహాదారుల వద్దకో చేర్చడం అతని పని.

చాలా ఏళ్ళ క్రితం నేనెరిగిన ఒక కళాశాల వసతిగృహంలో, మెస్సు బాకీ ఉన్నవారి పేర్లను ప్రతినెలా భోజనశాల గోడమీద అంటించేవారు. ఆ జాబితా వెలువడిన రోజున కొందరు భోజనానికి వచ్చేవారు కారు. ఆకలి లేదనేవారు. ఆ ఏడు మెస్సు కమిటీకి ఎన్నికైన ద్వితీయ సంవత్సరం విద్యార్థి కూరల రుచి గురించి వచ్చిన ఫిర్యాదులన్నీ విని, చివరకు వార్డెను గారి వద్దకు వెళ్ళి అడిగినది ఒక్కటే: “అయ్యా, పేర్లు గోడకు వద్దండి. ఎవరి చీటీ వారి చేతికే ఇద్దాం.” ఆ కోరికను అతనికి ఎవరూ చెప్పలేదు. వార్డెను గారు కొంతసేపు ఊరకుండి, మేకులు తీయించారు. మరుసటి నెల మొదటివారంలో వంటమనిషి బియ్యం కొలత పెంచవలసి వచ్చింది.

ప్రశ్నలు
1. అద్దానికీ విద్యార్థి ప్రతినిధికీ రచయిత చూపిన భేదాన్ని వివరించండి.
2. ఎన్నికైన ప్రతినిధికీ నామినేట్ అయిన ప్రతినిధికీ గల తేడాను గురించి రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? ఎందుకు?
3. మీ కళాశాలలో ఎవరూ అడగని ఒక ఇబ్బందిని గుర్తించి, దానిని గురించి ప్రిన్సిపాలు గారికి లేఖ రాయండి.